హిమాలయాల కన్నా పెద్దోళ్లం

భూపాలపల్లి జిల్లా రేగొండ మండలంలోని పాండవుల గుట్టల మీద ఏ రీలు తెరిచినా మొదటి మాట ఒకటే: ‘ఇవి హిమాలయాల కన్నా పాతవి!’ చెప్పేవాడి గొంతులో హిమాలయాలను కుస్తీలో పడగొట్టి వచ్చినంత గర్వం. నిజమే, పాతవే. కాని మన దగ్గర హిమాలయాల కన్నా పాతది కాని గుట్ట ఏదో ఒకటి చూపించమనండి. హిమాలయాలు లేవడం మొదలై సుమారు 5 కోట్ల ఏళ్లు. పర్వతాల్లో అవి కుర్రకారు. వాటికన్నా పెద్దోళ్లమని చాటుకోవడం, మనవడి కన్నా నేనే వయసులో పెద్దనని తాత ఊళ్లో దండోరా వేయించుకున్నట్టుంది.

జనగామ పక్క చేలల్లో నాగలికి అడ్డమొస్తోందని రైతు తిట్టుకునే గుండుది దాదాపు 250 కోట్ల ఏళ్ల వయసు. దాని పక్కన ఎవడూ సెల్ఫీ దిగడు. మహబూబాబాద్ జిల్లా బయ్యారంలోని ఇనుప రాయీ హిమాలయాల కన్నా పాతదే. భూపాలపల్లిలో సింగరేణి తవ్వే బొగ్గుకు 25 కోట్ల ఏళ్లు దాటాయి. దాన్నేమో చెల్పూరులో 1100 మెగావాట్ల కేంద్రంలో కాల్చి, ఆ కరెంటుతో ఫోను చార్జింగ్ పెట్టుకుని, గుట్ట వయసు మీద రీలు తీస్తున్నాం. అసలు తమాషా ఏమిటంటే, ఎవరెస్టు కొన మీది సున్నపురాయికి 40 కోట్ల ఏళ్లకు పైనే ఉంటాయి. అంటే హిమాలయాల్లోని రాయి కూడా హిమాలయాల కన్నా పాతదే! రాయి పుట్టింది ఒకప్పుడు, పర్వతంగా లేచింది మరొకప్పుడు. ముప్పై సెకన్ల రీలులో ఇంత సంగతి పట్టదు, పాపం.

రెండో మాట: ‘ఎవరికీ తెలియని చోటు.’ ఎదురు పాండవులు, గొంతెమ్మ గుట్ట, మేకల బండ, తుపాకుల గుండు... అక్కడ బండ బండకూ పేరుంది. ఎవరికీ తెలియకుండానే ఇన్ని పేర్లు వచ్చాయా? మేకలు కాసేవాళ్లు, తునికాకు ఏరేవాళ్లు మన లెక్కలో మనుషులు కారు కాబోలు. వాళ్ల దగ్గర డ్రోన్ లేదు మరి.

ఆ గుట్టల్లో నిజంగా కళ్లకద్దుకోవలసినవి రాతి బొమ్మలు. 1990లో వెలుగులోకి వచ్చాయి. అడవిదున్నలు, జింకలు, పులులు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, తెలుపు రంగులు. వేల ఏళ్ల కింద అవి గీసినవాడు కింద పేరు రాసుకోవడం మరిచిపోయాడు. ఆ లోటు తీర్చడానికి మనవాళ్లు బండల మీద తమ పేరు, పక్కన ప్రియురాలి పేరు, నడుమ బాణం గుచ్చిన గుండె గీసి వస్తున్నారు. పాతరాతి యుగం ఇంకా ముగియలేదు.

ఇక తోరణాల పిచ్చి. తిరుమల శిలాతోరణం సుమారు 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉంటుంది, దాని చుట్టూ కంచె ఉంది. ఇప్పుడు రెండు గుండ్ల నడుమ మేక దూరేంత సందు కనబడితే చాలు, అదీ శిలాతోరణమే. దాని మీదికెక్కి చేతులు చాచి నిలబడాల్సిందే. తోరణమంటే కూలిపోయే దారిలో ఉన్న రాయి. నీళ్లూ గాలీ కింది రాతిని రేణువు రేణువుగా తినేస్తే పైన మిగిలిన తునక అది. మాల్టాలో లక్షలమంది ఫోటోలు దిగిన సముద్ర తోరణం 2017 మార్చి 8న తుపాను గాలికి కూలిపోయింది. అమెరికాలోని యూటాలో ‘డబుల్ ఆర్చ్’ 2024 ఆగస్టులో పడిపోయింది. అవి పడ్డప్పుడు అదృష్టం కొద్దీ వాటి మీద మనవాడెవడూ లేడు.

ఇంత రాతి ప్రేమ ఉన్నవాళ్లం కదా, మిగతా గుట్టలనేం చేస్తున్నాం? మహబూబాబాద్ వైపు క్వారీల్లో దిమ్మెలు దిమ్మెలుగా కోసి లారీలెక్కిస్తున్నాం. దిమ్మెకు పనికిరానిది కంకర మిషన్‌లో పడుతుంది. ఆ దిమ్మె అరిగి, నునుపు తేలి, హైదరాబాద్ అపార్టుమెంట్లో గ్యాస్ పొయ్యి కింద పరుచుకుంటుంది. ఆ ఇంటాయనే ఆదివారం బూట్లు బిగించి, గంటల కొద్దీ కారు నడుపుకుని, పాత రాయి చూడ్డానికి మన జిల్లాకొస్తాడు. పొద్దున ఆయన టీ కప్పు పెట్టిన బండ, ఆయన చూడబోయే బండకు ఏ మాత్రం తీసిపోని ముసలిది. దాని మీద నిమ్మకాయ కోసి వచ్చాడు.

అన్నట్టు, హిమాలయాల కన్నా చిన్న గుట్ట చూపించమన్నాను. ఉంది. భూపాలపల్లి ఓపెన్‌కాస్టు గనుల పక్కన, బొగ్గు మీది నుంచి తవ్వి పోసిన ఓబీ మట్టి గుట్టలున్నాయి చూడండి, ఈ జిల్లాలో కుర్ర గుట్టలంటే అవే. రోజురోజుకూ పెరుగుతున్నాయి కూడా. వ్యూ పాయింట్ అక్కడ పెడితే కిందికి చూసినవాడికి ఊరు ఎంత లోతుకు పోయిందో కనబడుతుంది. టూరిజం వాళ్లెవరూ ఆ బోర్డు పెట్టరు.

పాండవుల గుట్టకు భూవారసత్వ స్థలంగా గుర్తింపు వచ్చింది, సంతోషం. కాని ఆ గుర్తింపు ఆ ఒక్క గుట్టకే. తక్కిన వాటికి వయసు తప్ప వేరే అర్హత లేదు, వయసు చూసి ఏ టిప్పరూ ఆగదు. కాబట్టి ట్రెక్కింగ్ సోదరులారా, వచ్చే ఆదివారం ఎక్కబోయే గుట్ట ఎన్ని కోట్ల ఏళ్లదో తర్వాత కనుక్కుందురు గాని, ముందు దాని సర్వే నంబరు కనుక్కోండి. అది ఎవరి లీజులో ఉందో, ఎప్పటిదాకా ఉందో జిల్లా గనుల శాఖను రాతపూర్వకంగా అడగండి. సమాచార హక్కు చట్టం కింద ఆ దరఖాస్తు రుసుము 10 రూపాయలు.