మొక్క కదలదు, మీరే కదులుతున్నారు

మా అపార్ట్‌మెంట్ డాబా మీద పిట్టగోడ పొడుగునా ఉన్న సక్యులెంట్లన్నీ మూడో అంతస్తు పిన్నిగారివి. ఇలాంటి పిన్నిగారు ఇప్పుడు ప్రతి అపార్ట్‌మెంట్‌కీ ఒకరు తయారయ్యారు. కడియం నర్సరీల నుంచి కుండీలు తెప్పించి, కొన్నాళ్ళు పెంచి, కొన్నాళ్ళు మురిసిపోయి, ఆఖరికి బొమ్మ గీసేస్తారు.

పొద్దున్నే కాఫీ గ్లాసూ బ్రష్షు కడిగే గ్లాసూ పక్కపక్కనే ఉంటాయి. కాసేపటికి రెండూ ఒకటే రంగు. ఏది ఏదో బాబాయిగారికి తెలిసేది గుటక పడ్డాకే.

బాగా ఎండ తగిలి, నీళ్ళు తగ్గితే ఎచెవేరియా అనే సక్యులెంట్ ఆకుల అంచులు ఎర్రబారతాయి. అందుకని బొమ్మకు కూర్చోబోయే మొక్కకు ముందునుంచే ఉపవాసం. జాలిపడి బాబాయిగారు మగ్గు ఎత్తారో, అయిపోయారే! "ఇప్పుడిప్పుడే సిగ్గుపడుతోందండీ, పచ్చగా చేసెయ్యకండి!"

ఆ ఆకుల మీద బూడిదలాంటి తెల్లటి పొడి ఉంటుంది. వేలు తగిలితే పోతుంది, పోయినచోట మళ్ళీ ఓ పట్టాన రాదు. అందుకే మనవడికి డాబా నిషేధం. అయినా వాడు ఒకరోజు వేలు పెట్టనే పెట్టాడు. పిన్నిగారు తిట్టబోయి, ఆగి, ఆ వేలిముద్రను కూడా గీసేశారు. నన్నడిగితే బొమ్మ మొత్తంలో బాగా కుదిరింది అదే.

ఇక మహాపాపం ఏమిటంటే, బొమ్మ చూసి "క్యాబేజీ భలే వేశారండీ" అనడం. అన్న పాపానికి ఎదురింటావిడకు ఆ పూట వంట ఆలస్యమైంది. మెక్సికోలో మొక్కల బొమ్మలు గీసిన అటనాసియో ఎచెవెరియా పేరునే 1828లో ద కాండోల్ అనే శాస్త్రవేత్త ఈ మొక్కకు పెట్టాడనీ, అదే ద కాండోల్ సక్యులెంట్ల పుస్తకానికి రెదూతే అంతటివాడు బొమ్మలు వేశాడనీ మెట్ల మీదే నిలబెట్టి చెప్పారు.

"అయితే బొమ్మలు గీస్తే మొక్కకు మన పేరు పెడతారన్నమాట!" అందావిడ, తప్పించుకుందామని.

పిన్నిగారు పైకేమీ అనలేదు గానీ, మర్నాటి నుంచి బొమ్మ కింద సంతకం కాస్త పెద్దదైంది.

మొన్నటి ముసురుకు ఆ ఎచెవేరియా కాస్తా మొదలంటా కుళ్ళిపోయింది. పీడా వదిలిందని బాబాయిగారు దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని చెత్తబుట్ట దాకా వెళ్ళారు.

"ఆగండాగండి! బర్న్ట్ అంబర్ రంగు ఎంత చక్కగా తిరిగిందో! అలాగే పట్టుకోండి, కదలకండి."

"ఉప్మా చల్లారిపోతోందే..."

"చెయ్యి కొంచెం పైకి."