నాగిన్ గుట్టు విప్పేవారికి గట్టి సలహాలు

సీరియల్ చూడటం ఎవరికైనా వస్తుంది. చూసినదాన్ని పక్కవాడికి దక్కకుండా చేయడంలో ఉంది అసలు విద్య. ఆ విద్యకు సూరత్‌లో ఉన్నంత అనువు ఇంకే ఊళ్లోనూ లేదు. లింబాయత్, ఉధనా, డిండోలీ వైపు వెళ్తే సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు నుంచి సాంచాలు (మరమగ్గాలు) నడపడానికి వచ్చినవాళ్లు, వాళ్ల పిల్లలు, ఆ పిల్లల పిల్లలు గల్లీల నిండా కనిపిస్తారు. వాళ్ల కోసం సూరత్ మునిసిపల్ కార్పొరేషన్ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోంది. సాంచాలకు రెండు పాళీలు, ఒక్కో పాళీ పన్నెండు గంటలు. ఏక్తా కపూర్ ‘నాగిన్’ సీరియల్ 2015 నవంబర్ 1న కలర్స్ చానల్లో మొదలైనప్పుడు శని, ఆదివారాల్లో రాత్రి ఎనిమిదికి వచ్చేది. అంటే సరిగ్గా రాత్ పాళీవాళ్లు కార్ఖానాలో ఉండే వేళకు. ఇంట్లో చూసేవాళ్లు సగం, వినక తప్పనివాళ్లు సగం. ఇంతకంటే ఏం కావాలి?

గుట్టు విప్పడానికి మంచి సమయం పొద్దున ఏడు. మనిషి పాళీ దిగి వస్తాడు. చెవుల్లో సాంచాల మోత ఇంకా ఆగి ఉండదు, చొక్కా మీద దూది పీచు అలాగే ఉంటుంది. కాళ్లు కడుక్కోనివ్వండి, చాయ్ చేతికివ్వండి, ఖారీ బిస్కట్ అందులో ముంచేదాకా ఓపిక పట్టండి. అది నోట్లోకి పోకముందే, “ఏమయ్యా, హంతకుల్లో అత్త యామిని సుత ఉన్నదట” అనేయండి. ఆరు దినాల ఉత్కంఠ ఒక్క గుటకలో తీరిపోవాలి.

కొందరు మొండి మనుషులుంటారు, వాళ్లతో జాగ్రత్త. “అది నాకు ముందే ఎర్క. గప్పుడు మొఖం ఎట్ల పెట్టింది? గది చెప్పు” అంటారు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పకండి. చెప్పాలంటే మీరు లేచి నిలబడి, కళ్లు పెద్దవి చేసి, మెడ ఒక పక్కకు తిప్పి, మూడుసార్లు చూపించాలి. అంత కష్టపడితే ఆయన సీరియల్ చూసినట్టే అవుతుంది. మన శ్రమంతా వృథా.

ఇక ఆశ్చర్యం సంగతి. కథానాయిక శివన్య పాము అని సీరియల్‌వాళ్లు మొదట్లోనే మనకు చెప్పేశారు. తల్లిదండ్రులను చంపిన ఐదుగురిని వెతుక్కుంటూ రహేజాల ఇంటికి కోడలై వచ్చిందనీ చెప్పేశారు. తెలియనిది పాపం ఆమె మొగుడు రితిక్‌కు ఒక్కడికే. మనకు ముందే తెలిసిన గుట్టును వాడెప్పుడు తెలుసుకుంటాడా అని నెలల తరబడి కూర్చోవడం తెలివైనవాళ్లు చేసే పనేనా? ఆ మాటే గట్టిగా అడగండి. ‘అంతా ముందే తెలిసిపోయింది, సస్పెన్స్ లేదు’ అని తీర్మానించండి.

అప్పుడు మీ ఇంట్లోని ముసలాయన కూనపులివాళ్ల మాట ఎత్తవచ్చు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేది కూనపులివాళ్లే. చేర్యాల నకాషీల చేత రాయించిన పొడవాటి పటం కట్టి, ఒక్కొక్క వరుసే విప్పుతూ పాడతారు. వినేవాళ్లకు కథంతా ముందే వచ్చు. భావనారుషి పులితో ఎప్పుడు తలపడతాడో, ఆ బొమ్మ పటంలో ఏ వరుసలో ఉందో కూడా చెప్పగలరు. అయినా కథ నడిచినన్ని రాత్రులూ కూర్చుంటారు. పులి బొమ్మ దగ్గరికి రాగానే ముందు వరుసవాళ్లు సర్దుకుని కూర్చుంటారు. ముసలాయనతో వాదం పెట్టుకోకండి. ‘అది భక్తి, ఇది సీరియల్’ అని ఒక్క ముక్కలో కొట్టిపారేయండి. ఆయన నవ్వితే చూడనట్టు ఉండండి.

సైన్సు పాఠానికి ముహూర్తం ఒకటుంది. పాములవాడు బూర ఊదుతుంటాడు, నాగిని మెలికలు తిరుగుతుంటుంది, గదిలో ఊపిరి బిగబట్టని మనిషి ఉండడు. సరిగ్గా అప్పుడే ‘పాముకు బయటికి చెవుల్లేవు, అది బూర కదలికను చూసి ఆడుతుంది’ అని మొదలుపెట్టండి. ‘పాము పాలు తాగదు’ అని కూడా కలపండి. ఇంకా సమయం మిగిలితే, మనమంతా పాముల పాట అనుకునే ఆ బూర వరుస 1954 నాటి ‘నాగిన్’ సినిమాలోదనీ, దాన్ని కల్యాణ్‌జీ క్లావియోలిన్ అనే కరెంటు వాద్యం మీద వాయించారనీ చెప్పండి. చంపినవాడి బొమ్మ పాము కళ్లలో నిలిచిపోవడం వట్టి కట్టుకథ అనండి. 1976 నాటి ‘నాగిన్’లో ప్రాణం పోగొట్టుకునే మగ నాగు ఏక్తా కపూర్ తండ్రి జితేంద్రే అన్నది మాత్రం చివరికి దాచిపెట్టండి. అది నిజంగానే సరదా అయిన సంగతి, ముందే చెబితే జనం మీ మాట వినడం మొదలుపెడతారు.

నటన మీద తీర్పు చెప్పడం అన్నిటికంటే తేలిక. ‘ఓవర్ యాక్షన్’ అనే ఒక్క మాటతో ఏడు సీజన్లు గడిచిపోతాయి. యామినిగా వేసిన సుధా చంద్రన్ దగ్గర ఈ మాట తప్పకుండా వాడండి. నుదుటిమీద అరచేయంత బొట్టు, ఉరుముతో పాటు విచ్చుకునే కళ్లు, ఒకే చూపును మూడుసార్లు దగ్గరికి లాగే కెమెరా. ‘మనిషన్నవాడు ఎక్కడైనా అలా చూస్తాడా?’ అని అడగండి. చిందు భాగవతం చూసిన ఇంట్లో మాత్రం అడగకండి. వేషం కట్టి ఆటలోకి దిగినవాడు అలాగే చూస్తాడని వాళ్లకు తెలుసు.

ఇక్కడ ఒక ప్రమాదం పొంచి ఉంది. వంటింట్లోంచి నాయనమ్మ తల బయటపెట్టి, “గీమె మయూరిల ఆడిన పిల్లనే గదనే! కట్టుడు కాలుతోని ఎట్ల ఎగిరింది!” అంటుంది. ఆమె చెప్పింది నిజమే. 1981లో ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న సుధా చంద్రన్ జైపూర్ కాలు పెట్టుకొని మళ్లీ నాట్యం చేశారు. ఆ కథనే సింగీతం శ్రీనివాసరావు ‘మయూరి’గా తీస్తే తన పాత్ర తనే వేసి జాతీయ అవార్డుల్లో ప్రత్యేక జ్యూరీ గౌరవం అందుకున్నారు. హిందీవాళ్లకు ఆమె ‘నాచే మయూరి’గా తెలిసింది ఆ తర్వాతే. ఈ వివరాలన్నీ మీ తీర్పుకు అడ్డం. మూడో సీజన్లో విషాఖగా వచ్చిన అనితను చూపించి, “ఉదయ్ కిరణ్ పక్కన నువ్వు నేనులో చేసింది గదా” అన్నా సరే, మీరు ‘అదంతా పాత సంగతి’ అనే అనాలి. నటులకు గతం ఉంటే విమర్శకుడికి పని పెరుగుతుంది.

అంతకంటే పెద్ద అడ్డం కార్ఖానాలో ఉంది. రాత్ పాళీలో ఫోన్లో సీరియల్ చూసేవాడిని గమనించకండి. ఫోన్‌ను గోడ వారన కండెల డబ్బాకు ఆనించి పెడతాడు. షెడ్డులో అన్ని సాంచాలూ ఒక్కసారే కొట్టుకుంటుంటే పక్కన నిలబడ్డవాడి కేక వినబడదు, ఇక డైలాగు ఏం వినబడుతుంది? వాడి కన్ను పోగు మీద ఉంటుంది. పోగు తెగితే సాంచా ఆగుతుంది, ఆగినంతసేపూ మీటరు పడదు, మీటరు పడకపోతే కూలి పడదు. మధ్యమధ్యలో ఒక్క చూపు ఫోను వైపు. ఆ ఒక్క చూపులోనే యామినికి కోపం వచ్చిందనీ, ఇంకో నాగిని శేషకు ఈర్ష్య పుట్టిందనీ, రితిక్ ఎప్పటిలాగే ఏమీ తెలియక నిలబడ్డాడనీ అర్థమైపోతుంది. పెదవి చివర చిన్నగా వణికే ‘సహజ నటన’ అయితే వాడికి ఏమీ అంది ఉండేది కాదు. ఇది తెలిస్తే ‘ఓవర్’ అన్న మాట నోట్లోనే ఆగిపోతుంది. అందుకే కార్ఖానా వైపు వెళ్లకండి.

సీజన్ల మధ్య తగవు పెట్టడం మరవకండి. తల్లి శివన్యను చంపేస్తే కూతురు శివాంగి అదే ముఖంతో పగ తీర్చుకోవడానికి రావడం రెండో సీజన్. రెండూ మౌనీ రాయే కాబట్టి ‘ఎవరు బాగా చేశారు’ అని అడిగితే పావుగంట గడుస్తుంది. ఆరో సీజన్లో తేజస్వీ ప్రకాశ్ ఏకంగా మహమ్మారి మీదికే వెళ్లింది. దాన్ని నమ్మినవాళ్లను ఎగతాళి చేయండి, మీరూ చివరిదాకా చూశారని మాత్రం ఒప్పుకోకండి.

పొరుగింటి గుజరాతీ బెన్‌ను కూడా వదలవద్దు. మనకు నాగపంచమి శ్రావణ శుద్ధంలో వస్తుంది, వాళ్ల నాగ్ పాంచమ్ అదే నెల బహుళంలో, రాఖీ దాటాక. కోరిన రూపం దాల్చే ఇచ్ఛాధారి నాగినికి శక్తి ఏ పంచమినాడు వస్తుందో తేల్చమనండి. ఆమె నవ్వేసి రెండు పండగలకూ ప్రసాదం పంపిస్తే మీ పథకం పాడైనట్టే.

చివరిగా చీర. సీరియల్ పేరు పెట్టి చీర అమ్మడం ఈ ఊరికి చేతనైన పని. రింగ్ రోడ్డు మార్కెట్లో ‘నాగిన్ చీర’ అడిగి, తీసి చూపించాక ‘శివన్య కట్టింది ఈ రంగు కాదు’ అని పక్కకు తోయండి. ఆరేడు విప్పించండి. అంచు వేరంటారు, జరీ వేరంటారు, ఫోటో తీసి చూపిస్తారు, ఒప్పుకోకండి. రంగూ అద్దకమూ పడకముందు ఆ గ్రే గుడ్డ మీ ఆయన సాంచా మీదే దిగి ఉండవచ్చు. ఆ మాట మాత్రం దుకాణంలో అనకండి, బేరం చెడుతుంది.