పరీక్ష రాయని ఫ్యాక్షనిస్టు

టైపిస్టు కావాలంటే లోయరు, హయ్యరు పాసవ్వాలి. డెంటిస్టు కావాలంటే నీట్ రాయాలి. ఏ పరీక్షా రాయకుండా, పైసా ఫీజు కట్టకుండా, సింహాద్రిపురం మండలంలో పుట్టిన పుణ్యానికే చేతికొచ్చే పట్టా ఒకటుంది: ఫ్యాక్షనిస్టు. హైదరాబాదులో అద్దె ఇల్లు అడగబోయి, సొంతూరు పులివెందుల దగ్గర సింహాద్రిపురమని చెప్పి చూడండి. ఓనరుగారి చూపు మన ముఖం మీంచి దిగి నడుం దగ్గర ఆగుతుంది. ఆపైన రెండే దారులు. ఇల్లు నిన్ననే ఇచ్చేశామనడం, లేదా అడ్వాన్సు సగానికి తగ్గించడం. రెండోది లాభమే, కాదనను.

ఈ మాట ఇంగ్లీషువాడిదే గానీ వాడే దీన్ని వాడడు. వాళ్ల నిఘంటువుల్లో ఓ మూల దుమ్ము కొట్టుకొని ఉంటుంది. పక్షాలు కట్టి చీలికలు తెచ్చేవాడని అర్థం. కొడవలి, నాటుబాంబు ఆ అర్థంలో లేవు. అవి మన సొంత ఖర్చుతో చేర్చినవి. లండన్‌లో మూలపడ్డ మాట ఇక్కడ ఎస్సైగారి రికార్డులోనూ, పేపరు జిల్లా పేజీలోనూ నిత్యం డ్యూటీ చేస్తోంది.

ఇది ఒకరకంగా మారకం బేరం. 1800లో నిజాం ఈ రాయలసీమ జిల్లాలను కుంపిణీకి రాసిచ్చాడు. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఉండి, ఎనభైమంది పాళెగాళ్ల బలగాలను ఊడగొట్టాడు. మనుషుల్ని అణచి, మాటను మాత్రం ఇంటికి పట్టుకుపోయారు దొరలు. నోరు తిరక్క 'పాలిగార్' అన్నారు. మనం వాళ్ల ఫ్యాక్షన్‌కు ఇస్టు తగిలించి తెచ్చుకున్నాం. లెక్క సరి.

ఈ ఫ్యాక్షన్ మాట ఒకప్పుడు బండ్ల దగ్గరా తిరిగింది. రోములో రథాల పందేల జట్లను ఆ పేరుతోనే పిలిచేవారు. ఆ నీలం జట్టు, ఆకుపచ్చ జట్టు 532లో కాన్‌స్టాంటినోపుల్‌లో ఏకమై చక్రవర్తి మీదికి తిరగబడితే, వారం తిరక్కుండా ముప్పైవేలమంది పోయారని ఆనాటి చరిత్రకారుడు ప్రొకోపియస్ రాశాడు. అయినా ఈ రోజున ఇస్తాంబుల్ కుర్రవాణ్ని "బాబూ, మీది నీలమా, పచ్చా?" అని ఏ ఇంటి ఓనరూ అడగడు. వాళ్ల అదృష్టం కొద్దీ రథాల కాలంలో తెలుగు సినిమా లేదు.

మనకు ఉంది. 1999లో సమరసింహారెడ్డి, 2001లో నరసింహనాయుడు, 2002లో ఆది, ఇంద్ర. రథాల స్థానంలో సుమోలు. నాలుగేళ్లలో గాల్లోకి లేచిన సుమోలు చూస్తే, కంపెనీవాడు వాటిని తయారుచేసింది పేల్చడానికేనేమో అనిపిస్తుంది. ఈ సినిమాల్లో సీమవాడికి చీనీతోట ఉండదు, బోరు ఎండదు, బ్యాంకు నోటీసు రాదు. తొడ మాత్రం ఉంటుంది. టికెట్టు కొని ఈలలు వేసినవాళ్లలో మేమూ ఉన్నాం, అది వేరే సంగతి.

ఊళ్లో ఈ మాటను ఎవరూ తనమీద వేసుకోరు. ఊరి మాటలు వేరు: పార్టీ, వర్గం, మా తట్టు, వాళ్ల తట్టు. ఎదుటి తట్టువాడు ఫ్యాక్షనిస్టు, మనవాడు పెద్దాయన. ఇద్దరూ ఒకే కండువా కప్పుకున్న మర్నాడు మాజీ ఫ్యాక్షనిస్టులు. టికెట్టొస్తే ప్రజాసేవకులు. ఇన్ని రూపాలున్న నామవాచకం చిన్నయసూరికి దొరికుంటే ఇంకో పరిచ్ఛేదం రాసుండేవాడు. చచ్చినవాళ్లు మాత్రం నిజం, వాళ్ల పెండ్లాలు పడ్డ కష్టం నిజం. కానీ చంపించినవాడి మీద ఈ మాట ఎక్కువకాలం నిలవదు, జారిపోతుంది. జారి, వాడి వెంట తిరిగిన కూలివాడి మీద, ఆ తర్వాత మొత్తం ఊరి మీద పడి అక్కడే గట్టిపడుతుంది.

చట్టంలో వెతికితే ఈ పేరుతో నేరం లేదు. 1860 నాటి శిక్షాస్మృతిలో లేదు, 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త సంహితలోనూ లేదు. ఉన్నదల్లా బైండోవరు. అదీ విచారణ స్మృతిలో: నిన్నటిదాంట్లో 107 సెక్షను, ఇవాళ్టిదాంట్లో 126. ఎన్నికల నోటిఫికేషను రాగానే తహశీల్దారు ఆఫీసు ముందు వేపచెట్టు కింద జనం చేరతారు. శాంతిగా ఉంటామని బాండు రాసివ్వడానికి. అందులో కర్ర సాయం లేనిదే మెట్టెక్కలేనివాళ్లు కూడా ఉంటారు. ఎప్పుడో ఓ కేసులో పేరు పడి ఉంటుంది. కేసు కొట్టేసినా పేరు కొట్టేయరు.

అలాంటి ఓ ముసలాయన బాండు మీద వేలిముద్ర వేసి, బొటనవేలి సిరా గోడకు తుడుస్తున్నాడు.

"ఏం పెద్దాయనా, ఇంకా ఫ్యాక్షన్ చేస్తాండావా?" అన్నాడు గుమాస్తా సరదాగా.

"నా ఫ్యాక్షను అంతా చీనీకాయల మండీలోనే సామీ. టన్నుకు ఇన్ని కేజీలని సూటు తీస్తాండారు. వాళ్లు తీసుకున్నేది, నేను నోరు మూసుకున్నేది. శాంతికి భంగమేమీ లేదు."

గుమాస్తా నవ్వి తర్వాతి పేరు పిలిచాడు. ముసలాయన కదల్లేదు.

"సూటు తీసేటోల్లను బైండోవరు జేసే సెక్షన్ గిన ఉంటే జెప్పు సామీ. ఇంకా సిరా ఆరలేదు, ఆడగూడా ఏలేసి పోతా."