నెల రోజుల పగ

2023 నవంబర్ 19న అహ్మదాబాద్‌లో ట్రావిస్ హెడ్ 137 పరుగులు కొట్టి ప్రపంచకప్పును ఆస్ట్రేలియాకు పట్టుకుపోయాడు. లక్ష మందిని నోరు మూయించడంలో ఉన్న తృప్తే వేరని ముందురోజు చెప్పిన కెప్టెన్ కమిన్స్ అన్నంత పనీ చేశాడు. ఉప్పల్ నుంచి నాచారం దాకా ఆ రాత్రి ఆస్ట్రేలియాను తిట్టని టీ బంకు లేదు.

సరిగ్గా నెలకు, డిసెంబర్ 19న దుబాయ్ వేలంలో సన్‌రైజర్స్ హైదరాబాద్ ఆ ఇద్దరినీ కొనేసింది. కమిన్స్‌కు 20.50 కోట్లు, హెడ్‌కు 6.80 కోట్లు. మనల్ని ఏడిపించినందుకు పారితోషికమన్నమాట.

2024 మార్చి 27న ఉప్పల్‌లో ముంబైపై హెడ్ 24 బంతుల్లో 62 బాదాడు. జట్టు స్కోరు 277. ఇక స్టేడియం మెట్రో స్టేషన్ మెట్ల కింద కాషాయ జెర్సీల బేరం చూడాలి.

“అన్నా, హెడ్‌ది ఎల్ సైజుందా?”

“హెడ్‌ది ఖతమ్. కమిన్స్‌ది తీస్కో, గదే టీమ్ గదా.”

ఆ ముచ్చటా మూణ్నెల్లే. జూన్ 24న సెయింట్ లూసియాలో హెడ్ మన మీద 76 కొట్టేసరికి హెడన్న మళ్లీ పగవాడయ్యాడు.

ఉప్పల్‌కు ఇది కొత్త కాదు. 2009 నవంబర్ 5న ఇక్కడే సచిన్ 175 కొట్టినా ఆస్ట్రేలియా 3 పరుగులతో గెలిచింది. ఆ దేశం నుంచే వచ్చిన వార్నర్ ‘బుట్టబొమ్మ’కు స్టెప్పేసి ఇంటి అల్లుడైపోయాడు. పాకిస్తాన్‌కూ లోటు జరగలేదు. 2023 అక్టోబర్ 10న శ్రీలంకపై 345 పరుగుల లక్ష్యాన్ని ఛేదిస్తుంటే ఉప్పల్ జనం ఈలలేశారు. రావల్పిండిలో ఆడినట్టుందని సెంచరీ కొట్టిన రిజ్వాన్ మురిసిపోయాడు. వాళ్ల బిర్యానీ విశేషాలు టీవీల్లో స్కోరుతో పోటీ పడ్డాయి.

అసలైన పగలు గేటు లోపలున్నాయి. 2024 ఏప్రిల్‌లో చెన్నైతో మ్యాచ్‌కు ముందురోజు, పాత బకాయిలు కట్టలేదని విద్యుత్ సంస్థ స్టేడియానికి కరెంటు కట్ చేసింది. ఏడాది తిరిగేసరికి ఫ్రీ పాసుల కోసం హైదరాబాద్ క్రికెట్ సంఘం వేధిస్తోందని, ఇలాగైతే వేరే ఊరు చూసుకుంటామని సన్‌రైజర్స్ లేఖ రాసింది. విజిలెన్స్ రంగంలోకి దిగింది. స్టాండుకున్న అజారుద్దీన్ పేరు ఉంచాలా, తీసేయాలా అన్న గొడవ హైకోర్టుకెక్కింది. ఈ సిరీస్‌లో మాత్రం ఎవరూ జట్టు మారలేదు.