చిల్లు శాస్త్రం: ప్రథమాధ్యాయం

ఈ శాస్త్రానికి విషయం చిల్లు. బిందెకుంటే నష్టం, జేబుకుంటే దరిద్రం, మందు రేణువుకుంటే పేటెంటు.

తార్కికులు లోకంలోని పదార్థాలు ఏడని తేల్చారు. ఏడోది అభావం. చిల్లు నిస్సందేహంగా ఆ పద్దులోదే. అయితే ఏ రకం అభావం? ఇది తేలాలంటే ప్రయోగశాలకు వెళ్లాలి. అక్కడ పీఎల్‌జీఏ అనే పాలిమర్‌ను, మందును డైక్లోరోమీథేన్‌లో కలిపి, అందులో అమ్మోనియం బైకార్బొనేట్ నీళ్లు పోసి గిలక్కొడతారు. (బిస్కట్లు పొంగడానికి బేకరీవాళ్లు వేసే సరుకే ఇది.) దాన్ని మళ్లీ నీళ్లలో చిలికితే సన్నటి బొట్లవుతుంది; అవే గట్టిపడి మందు రేణువులవుతాయి. బైకార్బొనేట్ కాస్తా అమ్మోనియాగా, కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోయి బుసబుసమంటూ వెళ్లిపోతుంది. అది ఖాళీ చేసిన చోటు మిగులుతుంది. కనుక చిల్లు అనగా బైకార్బొనేట్ తాలూకు ప్రధ్వంసాభావం, అంటే ఉన్నది నశించాక మిగిలే లేమి. ఇతి సిద్ధాంతం.

పూర్వపక్షం: ఈ చిల్లుల గోలెందుకు, గట్టి గుండు చాలదా? ఖండన: పీల్చే మందులో మామూలు సాంద్రత గల రేణువు 5 మైక్రాన్లు దాటితే గొంతు దగ్గరే చతికిలబడుతుంది. మరీ చిన్నదైతే ఊపిరితిత్తుల్లో కాపలా కాసే మాక్రోఫేజ్ కణాలు మింగేస్తాయి. 10 మైక్రాన్ల రేణువును చిల్లులమయం చేసి సాంద్రతను ఘన సెంటీమీటరుకు 0.1 గ్రాముకు దించారనుకోండి, గాలిలో 3 మైక్రాన్ల దాని నడకే నడుస్తుంది. మింగబోయిన కణానికి మాత్రం నోట పట్టదు. 1997లో ఎడ్వర్డ్స్, లాంగర్ అనే శాస్త్రవేత్తల బృందం ఎలుకల చేత ఇన్సులిన్‌ను ఇలా పీల్పించింది. చిల్లుల్లేని చిన్న రేణువుల ప్రభావం 4 గంటలు. చిల్లులున్న పెద్దవాటిది 96 గంటలు. రంధ్రాన్వేషకులకు ఇంత మర్యాద మరే రంగంలోనూ దక్కలేదు.

దోషం లేకపోలేదు. చిల్లులు మితిమీరితే, గోడలకు అంటుకున్న మందంతా ఒకటో తారీఖు జీతంలా తొలిరోజే హారతి. బర్స్ట్ రిలీజ్ అంటారు దీన్ని. పెట్టె మీద "నెలకొక్కసారి" అని అచ్చేయించుకున్నవాళ్లకు ఇదే పెద్ద తలనొప్పి.

అసలు చిక్కు మరొకటి. ప్రధ్వంసాభావానికి ఆది ఉంది, అంతం లేదని తార్కికుల మాట. ఇక్కడేమో పీఎల్‌జీఏ ఒంట్లోని తడికి లాక్టిక్, గ్లైకాలిక్ ఆమ్లాలుగా విడిపోతుంది. లాక్టిక్ ఆమ్లం మన కండరాలకు పాత చుట్టమే. ఒళ్లు దాన్ని వాడుకుని, మిగిలింది ఊపిరిలో బయటికి పంపేస్తుంది. గోడలు పోయాక చిల్లు సంగతేమిటి? పోయిందంటే తర్కశాస్త్రం తప్పు. ఉందంటే, మోతాదు మోతాదుకూ రోగి ఛాతీలో లెక్కలేనన్ని చిల్లులు నిల్వ పడుతున్నట్టే. ఈ రెండో పక్షాన్ని ఎక్స్‌రేవాళ్లు ఇంతవరకు సమర్థించలేదు.