ప్యాకెట్ ప్రతాపం

అదిగో, నెట్‌వర్క్ కార్డు కోటతలుపు తెరుచుకుంది! కేబుల్ కుహర విహారి, స్విచ్చు సింహద్వార భేది, మితభాషులలో మేటి, ఎంటిటీ స్టేట్ నామధేయుడైన ప్యాకెట్ వీరుడు వెడలుతున్నాడు. దేహప్రమాణం 144 బైట్లు. లోకం ఎఫ్-16ను పొగుడుతుంది, పైలట్‌ను పొగుడుతుంది. సిమ్యులేటర్ గదిలో ఆ విమానానికి రెక్కలేవి, ఇంజనేది? ఎక్కడో మరో స్థావరంలో కూర్చున్న ప్రత్యర్థికి కనబడే ఎఫ్-16 అంతా ఈ బుడతడు మోసుకెళ్లిన కబురే.

వంశం గొప్పది. 1980లలో అమెరికాలో డార్పా ట్యాంకు దళాల సాధనకు అల్లించిన సిమ్‌నెట్ మూలపురుషుడు. 1993లో ఐఈఈఈ 1278 ప్రమాణంగా, సిమ్యులేటర్లను కలిపే డిస్ (డిస్ట్రిబ్యూటెడ్ ఇంటరాక్టివ్ సిమ్యులేషన్) ప్రోటోకాల్‌కు పట్టాభిషేకం జరిగింది.

తానున్న చోటు చెప్పాలంటే మన వీరుడు భూకేంద్రం నుంచి కొలుస్తాడు. రన్‌వే మీద ఊరికే నిలబడ్డా పాతాళం దాకా లెక్క తేలాల్సిందే! పేరుకు మాత్రం 11 అక్షరాలే చోటు. సాక్షాత్తు కృష్ణదేవరాయలే కాక్‌పిట్‌లో కూర్చున్నా ‘మూరురాయరగండ’ బిరుదు ఇంగ్లీషు అక్షరాల్లో అందులో ఇమడదు.

ఇక మితభాషణం. విమానం తిన్నగా పోతుంటే పలకడు. కడపటి కబురులోని వేగాన్ని, దిశను పట్టుకుని తక్కినవారు అతణ్ణి ఊహలోనే ఎగరేసుకుంటారు. ఊహకూ నిజానికీ మీటరో, మూడు డిగ్రీలో తేడా వస్తేనే, మామూలు లెక్కన, గర్జిస్తాడు. లేకుంటే 5 సెకన్లకోసారి ‘ఉన్నాను’ అంటాడు. యూడీపీ రథమెక్కినవాడు దారిలో కూలితే వెతికేవారుండరు, వెనకే తమ్ముడొస్తాడు. 12 సెకన్లు ఎవరూ రాకపోతే మాత్రం, కర్మకాండ ఊసే లేకుండా, ఆ విమానాన్ని అందరి ఆకాశాల్లోంచీ తుడిచేస్తారు.

ఈ యుద్ధధర్మంలో నాకు అన్నిటికంటే నచ్చింది వేరే ఉంది. క్షిపణి వేసినవాడు ‘వేశాను’ అని ఒక ప్యాకెట్టు, ‘పేలింది’ అని ఇంకొకటి పంపి చేతులు దులుపుకుంటాడు. దెబ్బ ఎంతో, ప్రాణం పోయిందో లేదో తేల్చే అధికారం తిన్నవాడి కంప్యూటర్‌దే! కురుక్షేత్రంలో ఈ నియమమే ఉంటే దుర్యోధనుడు తొడ తడిమి చూసుకుని, “ఏమీ కాలేదే, కానివ్వు భీమా” అనేవాడు.

పోరు ముగిశాక డీబ్రీఫింగ్. పైలట్లు రెండు అరచేతులనూ విమానాలు చేసి, ఎవరు ఎవరి వెనక ఉన్నారో వాదించుకుంటారు. అంతలో, ప్యాకెట్లన్నిటినీ వేళలతో సహా దాచిన లాగర్‌ను తెరుస్తారు. కూలినవారు లేచి మళ్లీ ఎగురుతారు. ఇన్‌స్ట్రక్టర్ రివైండ్ నొక్కినన్నిసార్లూ, అదే చోట, అదే వంకర మలుపులో వీరమరణం పొందుతారు.