టికెట్టు లేని గుమ్మం

నాఫ్‌ప్లియోకి నేను ఆ ఊరి కోసం వెళ్లలేదు. ఈ మాట ఇవాళ సిగ్గుతో చెబుతున్నాను.

గ్రీసు దేశంలో పెలొపొనీస్ తూర్పు తీరాన, ఆర్గోస్ అఖాతం ఒడ్డున ఉంది ఆ చిన్న రేవు పట్టణం. చుట్టూ నారింజ తోటలు. నీళ్ల మధ్య బూర్ట్‌జీ అనే బుల్లి కోట, నెత్తిమీద పలమీది అనే పెద్ద కోట. ఇవేవీ నన్ను లాగలేదు. నా చూపంతా చుట్టుపక్కల ఉన్న శిథిలాల మీదే. తీరిన్స్ ఊరికి నాలుగు కిలోమీటర్లు. ఎపిడారస్ రంగస్థలం తూర్పున, మైసీనే ఉత్తరాన. చిన్నతనం నుంచీ ట్రాయ్ యుద్ధం కథల పిచ్చి ఉన్నవాణ్ని. ఆ యుద్ధంలో గ్రీకులను నడిపిన మైసీనే రాజు అగమెమ్నాన్ ఏలిన నేల మీద కాలు పెడితే చాలు, జన్మ ధన్యం అనుకున్నాను. నాఫ్‌ప్లియో అంటే నాకు రాత్రి తలదాచుకోవడానికి ఒక గది, అంతే.

మైసీనే నన్ను నిరాశపరచలేదు. సింహద్వారం ముందు నోట మాట రాక నిలబడిపోయాను. క్రీస్తుకు పూర్వం 13వ శతాబ్దపు రాళ్లు అవి. అట్రియస్ ఖజానా అని పిలిచే సమాధి గుమ్మం మీద పరిచిన రాయి ఒక్కటే సుమారు 120 టన్నులట. 1876లో ష్లీమాన్ అనే జర్మన్ పురావస్తు అన్వేషకుడు అక్కడ తవ్వి బంగారు ముఖకవచం బయటికి తీశాడు. అది అగమెమ్నాన్‌దే అని లోకమంతా నమ్మింది. నిజానికది ట్రాయ్ యుద్ధం జరిగిందని చెప్పే కాలానికి కనీసం మూడు వందల ఏళ్ల ముందటిది. ఎపిడారస్‌లో 55 వరుసల రాతి మెట్ల పైకెక్కి కూర్చుంటే, కింద నడిమధ్యన ఎవరో నాణెం జారవిడిచిన చప్పుడు చెవిన పడింది. ఇంత వైభవం చూసి వచ్చిన కంటికి నాఫ్‌ప్లియో వీధులు ఆనలేదు. వెనీసువాళ్లు కట్టినవి, తుర్కులు కట్టినవి, మొన్నమొన్నటివి అని తీసిపారేశాను. వయసు వేల ఏళ్లు దాటని రాయికి నా దగ్గర విలువ లేదు.

పలమీది ఎక్కాను, సముద్రం ఫొటో కోసం. మెట్లు 999 అని ఊరి జనం అంటారు. లెక్కపెట్టినవాళ్లు అన్ని లేవంటారు. పైన ఒక చీకటి కొట్టు చూపిస్తారు. లోపలికి వెళ్లాలంటే వంగి దూరాలి. తుర్కుల పాలన మీద జరిగిన స్వాతంత్ర్య యుద్ధంలో గ్రీకు సేనలను నడిపిన కొలోకొత్రోనిస్‌ను, స్వాతంత్ర్యం వచ్చాక రాజద్రోహి అని ముద్రవేసి మరణశిక్ష విధించింది ఈ ఊళ్లోనే. ఆయన్ని బంధించిన చోటు అదే అంటారు. తర్వాత క్షమించి వదిలారు. ఆ కొట్టులోకి నేను తొంగిచూసి, ఫోన్ లైటు వేసి, ఖాళీగా ఉందని వెనక్కి తిరిగాను. దేశం తన వీరుణ్ని తానే కొట్టులో వేసిన కథ నా ఎదురుగా ఉంటే, నాకు కనిపించింది ఖాళీ.

ఆ సాయంత్రం నేనున్న ఇంటి యజమానురాలు, పెద్దావిడ, కాఫీ ఇస్తూ అడిగింది: "కపోడిస్త్రియాస్ గారి గుడి చూశారా?" ఆయనెవరని అడిగాను. ఆవిడ నన్ను ఏమీ అనలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, ఇంగ్లీషు మాటలు వెతుక్కుంటూ చెప్పుకొచ్చింది.

ఇయోన్నిస్ కపోడిస్త్రియాస్ కోర్ఫూ ద్వీపవాసి. వైద్యం చదివినవాడు. రష్యా చక్రవర్తి దగ్గర విదేశాంగ మంత్రిగా పనిచేసినవాడు. యుద్ధంలో చితికిపోయిన గ్రీసుకు మొదటి పాలకుడిగా 1828 జనవరిలో ఈ రేవులోనే దిగాడు. ఖజానా ఖాళీ, ఎక్కడ చూసినా అనాథలు, కాందిశీకులు. జీతం వద్దన్నాడు. ఊరి బయట కాందిశీకులకు ఒక పేటే కట్టించాడు. ఏథెన్స్‌కి మారేదాకా, అంటే 1834 వరకు, గ్రీసు రాజధాని నాఫ్‌ప్లియోనే. పెత్తందారీ వంశాలకు ఆయన పాలన గిట్టలేదు. మానీ ప్రాంతపు మావ్రోమిఖాలిస్ వంశపెద్దను ఆయన చెరలో పెట్టించాడు. 1831 అక్టోబరు 9 పొద్దున్న సెయింట్ స్పిరిడాన్ గుడికి ప్రార్థనకు వచ్చిన ఆయన్ని, ఆ వంశపు మనుషులిద్దరు గుమ్మం దగ్గరే తుపాకీతో, కత్తితో చంపేశారు.

ఆవిడ ఇంకో కథ కూడా చెప్పింది. నిజమో కాదో గానీ గ్రీసులో అందరికీ తెలిసిన కథ. ఆకలి తీర్చడానికి కపోడిస్త్రియాస్ బంగాళాదుంపలు తెప్పించి, కావలసినవాళ్లు పట్టుకెళ్లండి అన్నాడట. ఎవరూ ముట్టలేదు. అప్పుడాయన ఆ కుప్పల చుట్టూ సిపాయిలను కాపలా పెట్టాడు. కాపలా ఉందంటే ఇందులో ఏదో విలువ ఉందనుకుని, జనం రాత్రికి రాత్రే దొంగిలించుకుపోయారట.

నా బుద్ధి అచ్చం అలాంటిదేనని అప్పుడు తెలిసింది. కంచె, టికెట్టు, బోర్డు ఉన్నచోట ఒళ్లంతా కళ్లు చేసుకుని చూశాను. అవేవీ లేనిచోట ఒక జాతి తన ప్రాణం నిలబెట్టుకుంటే, దాని మీదుగా నడిచిపోయాను.

మర్నాడు పొద్దున్నే ఆ గుడికి వెళ్లాను. మెట్ల సందులో చిన్న గుడి. రోజూ నేను నడిచిన దారిలోనే ఉంది. ఆ మెట్ల మీద అంతకుముందు రోజు కూర్చుని మైసీనే గురించి పుస్తకం చదువుకున్నాను. నా వీపు ఆ గుమ్మం వైపే ఉంది! గుమ్మం పక్క గోడలో గుండు దిగిన చోట రాయి చెదిరింది. దాని మీద గాజుపలక బిగించారు. బొటనవేలు పట్టేంత గుంట. పక్కింటి అమ్మాయి సంచి పట్టుకుని బడికో పనికో పోతూ, దాని ముందు క్షణం ఆగి శిలువ గుర్తు వేసుకుని వెళ్లిపోయింది. ఆ గుర్తు ఆమెకు చరిత్ర పాఠం కాదు, ఇంటి పెద్ద చావు.

దీన్ని తెలియనితనం అని తేలిగ్గా వదిలెయ్యలేను. తెలియనివాడు అడుగుతాడు. నేను అడగలేదు. ఏది గొప్పదో నాకు ముందే తెలుసని పట్టుబట్టి, మనుషులుండే ఊరిని బస్టాండులా వాడుకున్నాను. అహంకారం కలిసిన మూర్ఖత్వం అది. మైసీనే రాజుల పేర్లు నాకు కంఠతా వచ్చు. నన్ను తన ఇంట్లో ఉంచుకున్న ఆవిడ దేశం ఎలా పుట్టిందో తెలియదు. ప్రాచీనత మీద ప్రేమ తప్పు కాదు. అది పక్కనున్న మనిషిని చూడనివ్వకపోతే మాత్రం తప్పే.

అందుకే నాఫ్‌ప్లియో వెళ్లేవారికి నా మనవి ఒక్కటే. మైసీనే తప్పకుండా చూడండి, ఎపిడారస్ చూడండి. కానీ ముందుగా స్పిరిడాన్ గుడి మెట్లెక్కి ఆ గుమ్మం ముందు నిలబడండి. ఏ ఊరికి వెళ్లినా సరే, మీకు గది ఇచ్చినవారిని మొదటిరోజే అడగండి: మీ ఊళ్లో మీకు ముఖ్యమైనది ఏది అని. నేను అడగకుండా పోగొట్టుకున్నది మీరు పోగొట్టుకోవద్దు.